వినుట, వినబడుట

పాఠము ముగిసిన పిమ్మట ఉపాధ్యాయుడు పుస్తకము మూసి, "అర్థమయినదా?" అని అడుగును. తరగతి యంతయు ఒక్క గొంతుతో "అయినదండీ!" అని పలుకును. ఇది మన పాఠశాలలలో నిత్యము జరుగు ముచ్చట. ముప్పదియైదు సంవత్సరములు నేనును ఆ ప్రశ్ననే అడిగితిని. ఆ జవాబునే వింటిని. ఆ జవాబులో నిజమెంతయో గంట కొట్టిన తరువాత పిల్లలకును తెలియును, పంతులుకును తెలియును. అది యటుండనిండు. నేనిప్పుడు మీకు చూపదలచినది ఆ మాటల కూర్పు.

"మీరు పాఠమును అర్థము చేసికొంటిరా?" అని ఉపాధ్యాయుడు అడుగలేదు. "మేము అర్థము చేసికొంటిమి" అని మీరును చెప్పలేదు. "పాఠము మాకు అర్థమయినది" అనియే చెప్పితిరి. ఈ వాక్యమున కర్త యెవరు? పాఠము. మీరు "మాకు" అను రూపమున ఒక ప్రక్కగా నిలుచుంటిరి. మీరు ఏ పనియు చేసినట్లు ఈ వాక్యము చెప్పుట లేదు. చెట్టునుండి పండు రాలి ఒడిలో పడినట్లు, పాఠము వచ్చి మీ బుద్ధిలో పడినదని మాత్రమే ఇది చెప్పుచున్నది.

ఇట్టి వాక్యములు మన భాషలో లెక్కలేనన్ని కలవు. చూచుట, వినుట, తెలియుట, తలచుట అను వీనిలో ప్రతిదానికిని తెలుగున రెండేసి దారులున్నవి. "నేను చంద్రుని చూచితిని" అనవచ్చును. "నాకు చంద్రుడు కనబడెను" అనియు అనవచ్చును. "నేను వేణునాదము వింటిని" అనవచ్చును. "నాకు వేణునాదము వినబడెను" అనియు అనవచ్చును. "నేను దారి తెలిసికొంటిని" అనుట ఒకటి, "నాకు దారి తెలిసెను" అనుట మరియొకటి. "నేను ఉపాయము ఆలోచించితిని" అనుట వేరు, "నాకు ఉపాయము తోచెను" అనుట వేరు. ప్రతి జంటలోను మొదటి వాక్యము "నేను" అని ప్రథమావిభక్తితో మొదలయినది. రెండవది "నాకు" అని మొదలయినది. కి, కు అను ప్రత్యయములను పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన తన బాలవ్యాకరణమున షష్ఠీవిభక్తిలో చేర్చెనని మీరు చదివియే యుందురు. ప్రథమకును షష్ఠికిని నడుమ నున్న ఈ చిన్న భేదము వాక్యము యొక్క బరువునంతయు ఒక భుజము మీదినుండి మరియొక భుజము మీదికి మార్చును. మొదటి వాక్యమున పని నాది. నేను కన్నెత్తితిని, చెవి యొగ్గితిని, దారిని పోవువారిని నలుగురిని అడిగితిని. రెండవ వాక్యమున నేను చేసినది లేదు. నాకు జరిగినది కలదు.

శరీరమునకు కలుగు అనుభవములు చాలవరకు ఈ రెండవ దారినే నడచును. నాకు ఆకలి వేయుచున్నది, చలి వేయుచున్నది, నిద్ర వచ్చుచున్నది, నవ్వు వచ్చినది, జ్వరము తగిలినది అందుము. ఆకలిని వేయువాడెవడు? నిద్ర ఎచ్చటినుండి వచ్చును? అడుగకుడు. తెలుగువాడు తన ఆకలికి తాను కర్తనని ఏనాడును అనుకొనలేదు. మా తరగతిలో ఒక గడుసు పిల్లవాడు, "నాకు చలి వేయుచున్నది" అనుటకు మారుగా "నేను చలించుచున్నాను" అని వ్రాసెను. అది చలి కాదు, కదలిక అయినది.

ఒక క్రియ ఈ రెండు దారులలో దేనికి చెందినదో తేల్చుటకు నేను తరగతిలో ఒక పరీక్ష పెట్టుచుంటిని. ఆ క్రియతో ఎదుటివానిని ఆజ్ఞాపించి చూడుడు. "వినుము" అని గద్దింపవచ్చును. "చూడుము", "తెలిసికొనుము", "ఆలోచింపుము" అనునవియు చెల్లును. కాని వినబడుటను ఎవ్వరికి ఆజ్ఞాపింపగలము? "నీకు వినబడుగాక" అని ఆశీర్వదింపవలసినదే. "నీకు తోచుగాక", "నీకు అర్థమగుగాక" అని కోరుకొనవలసినదే. ఆజ్ఞ చెల్లిన చోట మనుష్యునికి పూచీ కలదు. ఆశీస్సు మాత్రమే చెల్లిన చోట పూచీ లేదు. ప్రాచీన కావ్యములలో "తెలియుము" అను రూపము కలదు గదా యని మీలో ఎవరైన అడుగవచ్చును. కలదు. అచ్చట ఆ క్రియను తెలిసికొనుట అను అర్థముననే వాడిరి. కావున పరీక్ష తప్పలేదు.

ఈ భేదమును నేను వ్యాకరణ గ్రంథమునుండి నేర్వలేదు. ఒక బాలునివలన నేర్చితిని. నేర్చుటకు ముందు ఆ బాలునికి అన్యాయము చేసితిని.

అది 1986వ సంవత్సరము. కృష్ణాతీరమందలి ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా క్రొత్తగా చేరియుంటిని. ఎనిమిదవ తరగతికి వారమునకు రెండు పర్యాయములు ఉక్తలేఖనము చెప్పుచుంటిని. వెనుక బల్లమీద, గోడ ప్రక్కను, ఒక బాలుడు కూర్చుండెడివాడు. మాట తక్కువ. లెక్కలలో మంచివాడని పేరు. నా యొద్దకు వచ్చునప్పటికి మాత్రము అతని పుస్తకమునిండ తప్పులే. ఒకనాడు నేను "బాటసారి మర్రిచెట్టు నీడన మూట విప్పెను" అని చెప్పితిని. అతడు "పాటసారి బర్రెచెట్టు" అని వ్రాసి, తరువాత కొంత చోటు విడిచిపెట్టి, "పూట విప్పెను" అని ముగించెను. నేను దానిని పైకి చదివితిని. తరగతి గొల్లుమనెను.

"నీవు వినలేదా?" అని అడిగితిని.

"వినబడలేదండీ" అనెను.

"ముందువానికి వినబడినది, ప్రక్కవానికి వినబడినది, నీకు మాత్రము వినబడలేదా? వినలేదని చెప్పుము" అని గద్దించితిని.

అతడు కొంతసేపు తలవంచుకొని నిలుచుండి, "వినలేదండీ" అనెను.

నేను అంతటితో ఊరకుండలేదు. "చెవిటివాని ముందర శంఖ మూదినట్లున్నది నా పని" అని సామెత చెప్పి, పిల్లలను మరల నవ్వించితిని. అతని వ్రాతలోని తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దితిని. నోటితో అతడు పలికిన వాక్యము ఒక్కటియే ఆనాడు ఒప్పుగా నుండెను. దానిని గూడ దిద్ది తప్పు చేయించితిని.

"వినబడు" అను క్రియను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పవలెను. వ్యాకరణమున కర్మణిప్రయోగము చదివినవారు దీనిని చూచి పొరబడుదురు. "బాలునిచేత పద్యము వినబడెను" అన్నచో అది కర్మణి. "బాలుడు పద్యము వినెను" అను వాక్యమునే త్రిప్పి చెప్పినట్లు. విన్నవాడు బాలుడే, పని అతనిదే. "బాలునికి పద్యము వినబడెను" అన్నచో సంగతి మారిపోయినది. బాలుడు చదువుకొనుచుండవచ్చును, ఆడుకొనుచుండవచ్చును. పద్యము తానై వచ్చి అతని చెవి సోకినది. క్రియ మారలేదు. "చేత" పోయి "కి" వచ్చినది. అంతియే.

ఆ బాలుని కథకు మరల వచ్చెదను. ముందుగా "తెలియుట" అను మాటను కొంత విప్పి చూడవలెను. ఏలయన, నేను చేసిన తప్పునకు పేరు పెట్టుటకు ఆ మాటయే కావలెను.

"తెలి" అనగా తెల్లని, స్వచ్ఛమైన అని అర్థము. తెల్ల, తేట, తెలివి, తెలుపు అనునవి యన్నియు తెలియుటకు చుట్టములే. బరో, ఎమెనో అను ఇద్దరు పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున వీనిని ఒక్క కుదుటనే చేర్చిరి. వఱదకాలమున ఏటినుండి తెచ్చిన నీటిని బిందెలో నిలువయుంచినచో మట్టి అడుగునకు దిగి పైనీరు తేటపడును గదా. బుద్ధిలో జరుగు ఆ తేటపడుటయే తెలియుట. తెల్లవారుటయు అట్టిదే. అంతవరకు ఒక్క నల్లని ముద్దగా నున్న చెట్టును, పాకయు, గడ్డివామియు ఒకదాని నుండి ఒకటి విడివడి కనబడును. మూర్ఛ తేరి లేచినవానిని చూచి "తెలివి వచ్చినది" అందుము. "తెలుపు" అను ఒక్క మాట రంగునకు పేరు. సంగతిని ఎరిగించుట అను క్రియయు నదియే. నీరు తేటపడుటకు మనము చేయవలసినదేమి? దానిని కదల్పకుండ నుండుటయే. కావున "తెలియు" అను క్రియ "నాకు" అను మాటతో సహజముగా పొసగినది. దానికి "కొను" చేర్చి "తెలిసికొను" అన్నచో చేయి చాచి తీసికొనినట్లగును. అంగడిలో వస్తువును కొనుటయు ఆ కొనుటయే. వెల యియ్యక యెవడును ఏదియు కొనలేడు.

"ఎరుగు" అను క్రియ నా పరీక్షకు లొంగునది కాదు. పూర్వులు దీనిని బండి ఱ తో "ఎఱుగు" అని వ్రాసిరి. తమిళమునందలి "అఱి", పాత కన్నడమునందలి "అఱి" దీని తోబుట్టువులు. ఇది "నేనెరుగుదును" అని ప్రథమతోనే వచ్చును. కాని ఎరుగుటలో అప్పటికప్పుడు చేయు పని ఏదియు లేదు. దీని స్వభావము వేరు. "ఆయన పేరు నాకు తెలియును" అన్నచో ఎవరో చెప్పగా విన్నానని అర్థము. "నేనాయనను ఎరుగుదును" అన్నచో ఆయన అరుగుమీద కూర్చున్నవాడనని, ఆయన కోపమును నవ్వును చూచినవాడనని అర్థము. తెలియుట ఒక్క క్షణములో జరుగవచ్చును. ఎరుగుటకు కాలము పట్టును. "ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు" అను సామెతలో "ఎరుగదు" తీసివేసి "ఆకలికి రుచి తెలియదు" అని పెట్టి చూడుడు; సామెతలోని సారము పోవును. దీనికి ఎదురుగా "గాడిద కేమి తెలియును గంధపు వాసన" అను సామెతలో "తెలియును" అనియే యుండవలెను. గాడిద గంధపుచెక్కను మోయును. వాసన దాని ముక్కునకును తగులును. అది గంధమని మాత్రము తేటపడదు.

కోస్తాజిల్లాల పట్టణములలో "ఎరుగుదును" అను మాట నేడు వృద్ధుల నోటనే వినబడును. తెలంగాణమున దాని కొమ్మ పచ్చగా నున్నది. "నాకెరుక లేదు", "నీకెరుకేనా?" అని అచ్చటి చిన్నపిల్లలు సయితము అందురు. చూచితిరా! అచ్చట అది "ఎరుక" అను నామమై, నెమ్మదిగా "నాకు" అను జట్టులో చేరినది.

సంస్కృతమునుండి వచ్చిన మాటలును ఈ రెండు దారులలోనే సర్దుకొన్నవి. గ్రహించుట యనగా పట్టుకొనుట. పెండ్లిలోని పాణిగ్రహణమందును, సూర్యగ్రహణమందును ఉన్నది ఆ పట్టుకొనుటయే. కావున "నేను గ్రహించితిని" అందుము. బోధపడుటలోని ధాతువునకు మేలుకొనుట అని అర్థము. మెలకువ తనంత తాను వచ్చును. కావున "నాకు బోధపడెను" అందుము. అవగాహనమనగా నీటిలో దిగి మునుగుట. గట్టున నిలుచుండి ఏటిని చూచినవానికి ఏటి విషయమున అవగాహనము కలదని చెప్పరాదు. తెలుగుమాటలలో నాకు మిక్కిలి ఇష్టమైనది "తట్టు". తలుపు తట్టినట్లే ఆలోచన వచ్చి మనస్సును తట్టును. లోపలివాడు మేలుకొని యున్నచో తీయును.

"అనిపించు" అను మాటను ఈ దినములలో అందరును అతిగా వాడుచున్నారు. వాన వచ్చునట్లు అనిపించినది, ఆ పుస్తకము మంచిదనిపించినది, తప్పు చేసినట్లు అనిపించినది అందురు. "అను" అను క్రియకు ప్రేరణార్థకము చేర్చగా వచ్చిన రూపమిది. ఏదో ఒకటి మనచేత లోలోపల ఒక మాట అనిపించినదన్నమాట. మంచి మాటయే, కాని తప్పు చేసినవాడు "తప్పు చేసినట్లు నాకనిపించుచున్నది" అనుట నాకు నచ్చదు. "తప్పు చేసితిని" అని చెప్పవచ్చును గదా.

ఇంక ఇంద్రియముల మాట. తెలుగున "చూచు" అను క్రియ కన్నునకు మాత్రమే పరిమితము కాదు. నాలుకతో రుచి చూతుము, ముక్కుతో వాసన చూతుము, వైద్యుడు వ్రేళ్లతో నాడి చూచును. తూచి చూతుము, అడిగి చూతుము, చేసి చూతుము. ఏ పనినైన నిజము తేల్చుకొనుటకై చేసినచో దానికి "చూచు" చేర్చుట మనవారి వాడుక. "పసిగట్టు" అనునది ముక్కునుండి పుట్టిన మాట; పసి యనగా వాసన. వేటకుక్క జంతువు వెళ్లిన జాడను పసిగట్టును. మనుష్యుడు చిన్న చిన్న గురుతులను బట్టి ఎదుటివాడు చెప్పని సంగతిని పసిగట్టును. "కనిపెట్టు" కన్నునుండి పుట్టినది. "రోగిని కనిపెట్టియుండుము" అన్నచో రెప్ప వేయక చూచుచుండుమని. అట్లు చూచుచుండువానికే క్రొత్త సంగతి దొరకును గనుక, క్రొత్తదానిని కనుగొనుటకును ఆ మాటయే వచ్చినది.

ఈ క్రియలలో మరియొక తెగ భేదము కలదు. "ఇంటిలో దొంగ యున్నాడని అతడు గ్రహించెను" అని చదివినచో, దొంగ నిజముగా ఉన్నాడని మీరు నమ్ముదురు. "దొంగ యున్నాడని అతడు అనుకొనెను" అన్నచో, ఉండవచ్చును, పిల్లియే కావచ్చును. గ్రహించు, పసిగట్టు, కనిపెట్టు, తెలిసికొను అను క్రియలు ఆ సంగతి నిజమని సాక్ష్యము చెప్పును. అనుకొను, తలచు, ఊహించు, శంకించు అనునవి అట్టి సాక్ష్యము చెప్పవు. కావున మొదటి తెగలోని మాటను వాడువాడు నిజమునకు పూచీపడుచున్నాడు. ఇది వ్రాతలో ఎంత ప్రమాదమో చెప్పెదను. ఆ సంవత్సరము మూడు నెలల పరీక్షలు జరిగినపుడు, ఆ బాలుని ప్రగతి పత్రమున, "ఇతడు పాఠములను వినడని గ్రహించితిని" అని వ్రాసి క్రింద సంతకము చేసితిని. వ్రాయవలసినది "అనుకొంటిని" అని.

ఆ తరువాత ఒక దినమున గొప్ప వాన కురిసెను. మా తరగతికి రేకుల కప్పు. వాన పడినచో రేకులమీద రాళ్లు గ్రుమ్మరించినట్లుండును. వెనుక గోడవైపు కప్పు కారుచుండుటచేత ఆ బల్లల పిల్లలను ముందునకు రప్పించి, నా బల్ల యెదుట నేలమీద కూర్చుండబెట్టితిని. ఆ బాలుడు నాకు రెండు బారల దూరమున కూర్చుండెను. ఉక్తలేఖనము మానుట నాకిష్టము లేక, గొంతు చించుకొని చెప్పసాగితిని. నలుమూలలనుండి "వినబడుట లేదండీ, వినబడుట లేదండీ" అని కేకలు. నేనెవ్వరిని గద్దింపలేదు. నలువదిమంది చెప్పినప్పుడు ఆ మాట నాకు నిజముగా తోచెను. ఒక్కడు చెప్పినప్పుడు సాకుగా తోచియుండెను.

ఆ రాత్రి పుస్తకములు దిద్దుటకు కూర్చుంటిని. తరగతిలో మొదటివాని పుస్తకమున సగము చోట్లు ఖాళీ. రెండవవాడు నోటికి వచ్చినది వ్రాసెను. ఆ బాలుని పుస్తకము చేతికి వచ్చెను. అంతకుముందు ఎన్నడును లేనంత తక్కువ తప్పులు. తరగతిలో చాలమంది కంటె తక్కువ. మొదట ప్రక్కవానిది చూచి వ్రాసెనని శంకించితిని; కాని ప్రక్కవాని పుస్తకము ఖాళీ. అప్పుడు అతని తప్పులను వరుసగా ఒక కాగితముమీద ఎత్తి వ్రాసితిని. "బలము" అన్నచోట "పలము". "మంట" అన్నచోట "పంట". "పాము" అన్నచోట "బాము". పాత పుటలు త్రిప్పితిని. అచ్చటను అంతే. పాటసారి, బర్రెచెట్టు, పూట. ప, బ, మ ఒకదానికి మారుగా ఒకటి. క, గ మొదలగు అక్షరములతో కూడిన మాటలున్నచోట ఖాళీ.

ప, ఫ, బ, భ, మ అను వర్ణములు పెదవులవలన పుట్టునవి, ఓష్ఠ్యములు. క, ఖ, గ, ఘ కంఠ్యములు. ఈ పాఠమును నేను ఎన్ని మారులు చెప్పియుంటినో! గోడనున్న చిన్న అద్దము ముందు నిలుచుండి, గొంతు విప్పకుండ "పాట, బాట, మాట" అని పెదవులాడించి చూచితిని. మూడును ఒక్క తీరుననే యున్నవి. కంఠ్యములు పలుకగా పెదవులలో ఏమియు కనబడలేదు. అప్పుడు నాకు తట్టెను. ఆ బాలుడు నా మాటలను వినుట లేదు, చూచుచున్నాడు. వెనుక బల్లనుండి నా పెదవులు సరిగా కనబడక పోయినవి. వాన నాడు అందరి చెవులును అతని చెవుల వంటివే అయినవి. అతనికి మాత్రము చూచి వ్రాయు అభ్యాసము ముందే యుండెను.

మరునాడు బడి విడిచిన తరువాత చేసి చూచితిని. అతని వెనుక నిలుచుండి మెల్లగా పేరు పెట్టి పిలిచితిని. తిరుగలేదు. మరికొంత గట్టిగా పిలిచితిని. తిరుగలేదు. ఎదుటికి వచ్చి అంతే మెల్లగా పిలువగా, "అండీ" అనెను.

తండ్రికి కబురు చేసితిని. ఆయన కౌలుకు పొలము చేయువాడు. పిల్లవానికి చిన్నతనమున చెవిలో చీము కారెడిదనియు, ఆకుపసరులు పోసి తగ్గినదనుకొంటిమనియు చెప్పెను. ముగ్గురము కలిసి జిల్లా కేంద్రమునందలి ప్రభుత్వ వైద్యశాలకు వెళ్లితిమి. ఒక చెవిలోని కర్ణభేరికి రంధ్రము పడినదనియు, రెండవ చెవియు మందగించినదనియు, మందులతో చీము ఆగును గాని పోయిన వినికిడి యంతయు తిరిగి రాదనియు డాక్టరు చెప్పెను. తిరిగి వచ్చునపుడు బస్సులో తండ్రి చాలసేపు మాటాడలేదు. ఊరు దగ్గర పడుచుండగా, "మేమంటే చదువులేనివాళ్లం. ఇన్ని నెలలూ మీకు తెలియలేదాండీ, పంతులుగారూ?" అని అడిగెను. ఆ గొంతులో నింద లేదు. నిజముగా తెలియగోరి అడిగెను.

"తెలియలేదండీ" అంటిని.

వ్యాకరణము ప్రకారము ఆ వాక్యమున దోషము లేదు. "తెలియదు" అన్నచో ఇప్పటికిని తెలియదని అర్థము. "తెలియలేదు" అన్నచో అప్పుడు నా బుద్ధికి తేటపడలేదని అర్థము. రెండింటను నేను "నాకు" అను మాటున దాగి యున్నాను. కాని ఆ బాలుడు నిలుచుండి "వినబడలేదండీ" అని నాకు స్పష్టముగా చెప్పియుండెను. ఒకమారు కాదు. అతనిని వెనుకనుండి పిలిచి చూచుటకు క్షణకాలము చాలును. ఆ క్షణము నేను వెచ్చింపలేదు. కావున నేను ఆ తండ్రికి చెప్పవలసిన మాట "తెలిసికొనలేదు" అని. బస్సు దిగిన తరువాత చెప్పితిని. ఆయనకు ఆ రెండు మాటల భేదము పట్టినదో లేదో ఆయన ముఖమునుబట్టి నేను పోల్చుకొనలేకపోయితిని. "పోనీలెండి బాబూ" అని పిల్లవాని చేయి పట్టుకొని నడచిపోయెను.

ప్రగతి పత్రమును తెప్పించి నా వ్రాతను కొట్టివేసితిని. "ఇతనికి సరిగా వినబడదు. ముందు బల్లమీద, ఉపాధ్యాయుని ముఖము కనబడునట్లు కూర్చుండబెట్టవలెను" అని వ్రాసి, క్రొత్త తేదీ వేసి, మరల సంతకము చేసితిని. తరగతిలో పిల్లలందరి యెదుట, వినలేదని అతనిచేత నేను బలవంతముగా చెప్పించిన సంగతిని కూడ ఒప్పుకొంటిని. పిల్లలు ఈమారు నవ్వలేదు.

నాటినుండి ఉక్తలేఖనమునకు ఒక ఏర్పాటు చేసికొంటిమి. మాటలో ప వచ్చినచో ఒక వ్రేలు, బ వచ్చినచో రెండు వ్రేళ్లు, మ వచ్చినచో మూడు వ్రేళ్లు చూపుచుంటిని. కంఠ్యములున్న మాటను రెండు పర్యాయములు చెప్పుచుంటిని. అప్పటికిని సందేహము మిగిలినచో అతడు చేయి యెత్తి, "బాటా అండీ, మాటా అండీ?" అని అడుగును. కొన్ని వారములకు పిల్లలే ఆ వ్రేళ్ల భాషను నేర్చి, ఆటస్థలములో కూడ అతనితో దానిని వాడసాగిరి. ఇతర తరగతుల పిల్లలకది అర్థము కాక వింతగా చూచెడివారు.

సంవత్సరాంత పరీక్షలో ఉక్తలేఖనమునకు అతనికి 20కి 17 గుర్తులు వచ్చినవి. పోయిన మూడు గుర్తులును అందరికిని పోవునట్టి తప్పులకే పోయినవి. రెండు ఒత్తులు, ఒక దీర్ఘము.